మామూలు ముఖమూ కోపంగా కనిపిస్తుంటే: పదహారేళ్ల అబ్బాయిలో సైకోసిస్ తొలి సంకేతాలు – కేస్ స్టడీ

ఇది ఏ ఒక్కరి చరిత్రా కాదు. ఒకే తరహా ఇబ్బందితో వచ్చే పిల్లల వివరాలను కలిపి, గుర్తుపట్టే వీలు లేకుండా మార్చి, టీనేజ్ పిల్లలతో పనిచేసే సైకాలజిస్టులు, డాక్టర్లు, స్కూల్ కౌన్సెలర్ల కోసం కూర్చిన కేసు.

వచ్చిన కారణం

పదహారేళ్ల అబ్బాయి. రిఫరల్ చీటీలో "చదువు మీద ధ్యాస లేదు, డిప్రెషన్?" అని ఒక్క ముక్కే ఉంది. ఎనిమిది నెలలుగా మార్కులు పడిపోతున్నాయి. ఆటకు వెళ్లడం మానేశాడు. భోజనం గదిలోకే తెప్పించుకుంటున్నాడు. రాత్రి రెండు దాటాక పడుకుని ఆరున్నరకు లేస్తున్నాడు, సెలవు రోజైతే మధ్యాహ్నం దాకా నిద్ర. తల్లి చెప్పిన వాటిలో అన్నిటికన్నా పనికొచ్చిన మాట మధ్యలో ఎక్కడో దొర్లింది: "ఊరికే కూర్చున్నా 'ఎందుకమ్మా అంత కోపంగా చూస్తున్నావ్' అంటాడు డాక్టర్ గారూ. నేను వాణ్ని చూడను కూడా లేదు, గోడ మీద గడియారం చూస్తున్నా."

సైకోసిస్ (ఏది నిజం, ఏది తన మనసు పుట్టించింది అన్న తేడా చెదిరిపోయే స్థితి) తొలి దశలో ఉన్న పిల్లలు దాదాపు ఎప్పుడూ ఇలాగే, ఇంకేదో ఫిర్యాదు మీద వస్తారు. దిగులు, ఆందోళన, చదువు, నిద్ర. అనుమానాలు, లేని గొంతులు వినిపించడం లాంటివి వాళ్లంతట వాళ్లు చెప్పరు. మనమే అడగాలి.

ఇంటర్వ్యూ

మొదటి ఇరవై నిమిషాలు తల్లిదండ్రులతో కలిపి, ఆ తర్వాత గంటన్నర అబ్బాయితో విడిగా మాట్లాడాం. వాళ్ల ముందు "గొంతులేమైనా వినిపిస్తాయా" అని అడిగితే "లేదు" తప్ప ఇంకో జవాబు రాదు. విడిగా కూర్చున్నాక కూడా ముందు గోప్యత హద్దులు చెప్పాలి: నువ్వు చెప్పింది ఇక్కడే ఉంటుంది, నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుందనిపిస్తే మాత్రం అమ్మానాన్నలకు చెప్పాల్సి వస్తుంది, అదీ నీకు చెప్పాకే.

బయట కూర్చున్నప్పుడే సైకోసిస్ తొలి సంకేతాలను వడపోసే పీక్యూ-16 ప్రశ్నావళి నింపించాం. పదహారు అవును–కాదు ప్రశ్నలు. ఆరు, అంతకుమించి "అవును" వస్తే వివరమైన ఇంటర్వ్యూ చేయాలి. ఇతనికి 9 వచ్చాయి. ఈ అంకె రోగనిర్ధారణ కాదు. నిద్ర చాలని, ఆందోళన ఎక్కువున్న పిల్లలు సులువుగా ఆరు దాటేస్తారు. పైగా 13–18 ఏళ్ల మామూలు పిల్లల్లోనే వందకు ఏడెనిమిది మంది ఏదో ఒక సైకోసిస్ తరహా అనుభవం చెబుతారని 2012లో వచ్చిన మెటా విశ్లేషణ (పలు అధ్యయనాలను కలిపి చూసే లెక్క) తేల్చింది. అందుకే అసలు పని ఇంటర్వ్యూలోనే. మేం వాడింది యేల్ విశ్వవిద్యాలయంలో తయారైన సిప్స్ అనే ఇంటర్వ్యూ పద్ధతి. మెల్‌బోర్న్‌లో తయారైన కార్మ్స్ కూడా ఇదే పని చేస్తుంది.

"నీ పేరు పిలిచినట్టు వినిపిస్తుందన్నావు. ఎప్పుడు?"

"రాత్రి చదువుకునేటప్పుడు సర్. ఒక్కోసారి పగలు కూడా."

"వినిపించగానే ఏం చేస్తావు?"

"లేచి హాల్లోకి వెళ్తా. అమ్మ పడుకుని ఉంటుంది. వచ్చేస్తా."

"మరి పిలిచిందెవరు?"

"ఎవరూ కాదు. నా బుర్రే." కాసేపాగి, "కానీ ఒక్కోసారి..."

ఇక్కడ తొందరపడితే పని చెడుతుంది. "అది నీ భ్రమే నాన్నా" అని సర్దిచెప్పినా, "అయితే ఎవరో ఉన్నారంటావా" అని లాగినా ఇక నోరు విప్పడు. "ఆ ఒక్కోసారి ఎలా ఉంటుందో చెప్పు" అంటే చాలు. వెనక బెంచీవాళ్లు తన మీద ఏదో ప్లాన్ వేస్తున్నారని, ఆ పిలుపుకీ దానికీ సంబంధం ఉందని అనిపిస్తుందట. "పొద్దున్నకి పిచ్చి ఆలోచన అనిపిస్తుంది సర్." నూటికి ఎంత నమ్మకమని అడిగితే రాత్రి 60, పగలు 20 అన్నాడు.

ఈ రెండంకెల మధ్య తేడాయే ఈ కేసుకు కేంద్రం. సైకోసిస్‌లో నమ్మకం గట్టిపడి ఉంటుంది, రుజువు చూపినా కదలదు. ఇక్కడ ఇంకా ఊగుతోంది, తనను తాను సందేహించుకునే శక్తి మిగిలే ఉంది.

ప్రతి అనుభవానికీ ఐదు విషయాలు రాబట్టాం: ఎంత తరచుగా, ఎంతసేపు, ఎంత నమ్మకం, ఎంత బాధ, దాన్నిబట్టి ఏం చేస్తున్నాడు. చివరిది చాలామంది వదిలేస్తారు. ఇతను స్కూల్ వాట్సాప్ గ్రూపులోంచి బయటికొచ్చేశాడు, బస్సులో వెనక సీటులోనే కూర్చుంటున్నాడు. ఆలోచన ప్రవర్తనను మార్చడం మొదలైందన్నమాట.

సిప్స్‌లో సున్నా నుంచి ఆరు దాకా కొలత. 3 నుంచి 5 వరకు తొలి సంకేతాల స్థాయి, 6 అంటే సైకోసిస్ తీవ్రత. ఇతనికి అసాధారణ ఆలోచనలు 3, అనుమానం 4, గొప్పల భావన 0, ఇంద్రియ అనుభవాలు 3, మాట తీరు 1. గత ఏడాదిలో మొదలవడమో కనీసం ఒక అంకె పెరగడమో జరగాలి, గత నెలలో సగటున వారానికోసారైనా ఉండాలి. రెండూ సరిపోయాయి. అంటే రిస్క్ దశ ప్రమాణాల్లోకి వస్తాడు, సైకోసిస్‌లోకి రాడు. సామాజిక, చదువు పనితీరు కొలిచే సోఫాస్ స్కోరు వందకు 52. ఏడాది క్రితం స్థితిని అడిగి లెక్కేస్తే 70 దగ్గర.

మేనమామకు స్కిజోఫ్రీనియా (సైకోసిస్ దీర్ఘకాలం వేధించే జబ్బు) ఉందన్న సంగతి రెండో విజిట్‌లో గానీ బయటపడలేదు. "అదే వీడికీ వస్తోందా?" అన్నది తల్లి భయం. వంశపారంపర్య కోవలోకి రావాలంటే సిప్స్ ప్రకారం తల్లి, తండ్రి, తోబుట్టువుల్లో ఒకరికి ఉండాలి, దాంతోపాటు పనితీరు 30 శాతం పడిపోయి ఉండాలి. మేనమామ ఆ లెక్కలోకి రాడు. తల్లికి ఆ మాట స్పష్టంగా చెప్పాం. ప్రమాదం అసలు లేదని చెప్పలేదు.

ఆత్మహత్య ఆలోచనల గురించి మొదటి విజిట్‌లోనే నేరుగా అడిగాం. "బతికి ఏం లాభం" అనిపిస్తుందన్నాడు; పథకం, ప్రయత్నం లేవు. ఈ దశలో పిల్లల ప్రాణానికి సైకోసిస్ కన్నా దిగులే దగ్గరి ముప్పు. భద్రతా ప్రణాళిక కాగితం మీద రాసుకుని, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తాళం వేసిన చోటికి మార్పించాం.

ముందు తోసిపుచ్చాల్సినవి

రక్తంలో చక్కెర, లవణాలు, కాలేయం, థైరాయిడ్, బీ12, రక్తకణాల లెక్క, మూత్రంలో మత్తు పదార్థాల పరీక్ష చేయించాం. గంజాయి వాడకం గురించి విడిగా అడిగాం: రెండుసార్లు ప్రయత్నించాడు, ఆర్నెల్ల క్రితం. లక్షణాలు అంతకు ముందే మొదలయ్యాయి. వేరే జబ్బుకు వాడిన స్టెరాయిడ్లు, ఏడీహెచ్‌డీ మందులు లేవు.

నిజంగా భయపడాల్సిన చిత్రం ఇంకొకటుంది: రోజుల్లో, వారాల్లో ముదిరే గందరగోళం, జ్వరం, ఫిట్స్, నోరు–చేతుల్లో వింత కదలికలు, మాట తగ్గిపోవడం. అలా ఉంటే అది ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ (రోగనిరోధక వ్యవస్థే మెదడు మీద దాడి చేసే జబ్బు) కావచ్చు, ఆ రోజే న్యూరాలజీకి పంపాలి. చేతుల వణుకు, కాలేయ పరీక్షల్లో తేడా ఉంటే విల్సన్ వ్యాధి (ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు) ఉందేమో చూడాలి. క్షణాలపాటు శూన్యంగా చూడటం, కడుపులోంచి ఏదో ఎగదన్నినట్టుండటం ఉంటే ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) చేయించాలి. ఇతనిలో ఇవేవీ లేవు. నరాల పరీక్ష మామూలుగానే ఉంది. ఓసీడీ, ఆటిజం, వేధింపుల తర్వాతి ట్రామా గురించి విడివిడిగా అడిగాం. రెండేళ్ల క్రితం కొన్ని నెలలపాటు తోటిపిల్లలు ఏడిపించిన చరిత్ర దొరికింది. అది అనుమానానికి పునాది అయ్యుండొచ్చు. అయితే ఏడిపించినవాళ్లు ఇప్పుడు ఆ స్కూల్లోనే లేరు.

"స్కాన్ తీస్తే తెలిసిపోతుంది కదా?"

తండ్రి ఫోన్‌లో ఒక వార్త చూపించి అడిగిన ప్రశ్న ఇది. భావోద్వేగాలకు మెదడు స్పందించే తీరు చూసి సైకోసిస్‌ను ముందే పట్టేస్తారని ఆ వార్త సారాంశం. పరిశోధన నిజమే. ఒక్క పిల్లవాడి విషయంలో అది ఇచ్చే జవాబు మాత్రం తండ్రి అనుకున్నది కాదు.

ఫిలడెల్ఫియాలో 8 నుంచి 21 ఏళ్ల మధ్య వయసువాళ్లతో నడిచిన పెద్ద అధ్యయనంలో, సైకోసిస్ తరహా లక్షణాలున్న పిల్లలకు ముఖాలు చూపించి ఎఫ్ఎంఆర్ఐ (పనిచేస్తున్న మెదడును చూపే స్కాన్) తీశారు. కోపం, భయం చూపే ముఖాలకు వాళ్ల మెదడులో ముప్పును పసిగట్టే అమిగ్డలా మిగతా పిల్లలకన్నా ఎక్కువగా స్పందించింది. లక్షణాలు ఎక్కువున్నవాళ్లలో స్పందనా ఎక్కువే. జ్ఞాపకానికి పని పెట్టినప్పుడు నియంత్రణ చేసే మెదడు ముందు భాగాలు తక్కువగా పనిచేశాయి. ఈ ఫలితాలు 2015లో వచ్చాయి. ముప్పును పసిగట్టే భాగం ఆకు కదిలినా మొరిగే కాపలా కుక్కలా ఉంటే, దాన్ని అదుపు చేయాల్సిన భాగం బలహీనంగా ఉందన్నమాట. శితిజ్ కపూర్ 2003లో చెప్పిన ప్రతిపాదన దీనికి తోడు: మెదడులోని డోపమిన్ అనే రసాయన వ్యవస్థ అదుపు తప్పితే మామూలు విషయాలకు లేని ప్రాముఖ్యం వచ్చి పడుతుంది, ఆ ప్రాముఖ్యానికి కారణం వెతుక్కునే ప్రయత్నంలో భ్రమ పుడుతుంది.

ఇవన్నీ గుంపుల సగటులు. ఒక్క తలకాయ దగ్గరికి వచ్చేసరికి కొలత తడబడుతుంది. అమిగ్డలా బాదం గింజంత ఉంటుంది, గాలి నిండిన సైనస్‌లకు దగ్గర్లో ఉంటుంది, అక్కడ సిగ్నల్ చెరిగిపోతుంది. ఆందోళనలో ఉన్న పిల్లవాడు కదులుతాడు, అర మిల్లీమీటరు కదిలినా డేటా పాడవుతుంది. అదే ముఖాలను మళ్లీ మళ్లీ చూపిస్తే స్పందన తగ్గిపోతుంది. ఎఫ్ఎంఆర్ఐ పనుల కొలతల విశ్వసనీయతపై 2020లో వచ్చిన మెటా విశ్లేషణలో, ఒకే మనిషిని రెండుసార్లు కొలిచినప్పుడు పొంతన సగటున 0.4 దగ్గరే తేలింది. ఒక మనిషి గురించి నిర్ణయం తీసుకోవడానికి అది చాలదు. పైగా కౌమారంలో ఈ స్పందన సహజంగానే ఎక్కువ. ఇరవైల మధ్యదాకా మెదడు ముందు భాగం పూర్తిగా పరిణతి చెందదు. సోషల్ యాంగ్జయిటీ ఉన్న పిల్లల్లోనూ ఇదే అమిగ్డలా ఎగసిపడుతుంది.

ఇంకో చిక్కు ఫలితాలు చదివేవాళ్లను తరచూ తప్పుదారి పట్టిస్తుంది. ఎఫ్ఎంఆర్ఐలో చూసేది తేడా: భయపడ్డ ముఖానికి వచ్చిన స్పందనలోంచి భావం లేని ముఖానికి వచ్చినదాన్ని తీసేస్తారు. మామూలు ముఖానికే అమిగ్డలా ఎగసిపడుతుంటే ఆ తీసివేతలో మిగిలేది తక్కువ. రిపోర్టులో "స్పందన తగ్గింది" అని వస్తుంది, నిజానికి తగ్గిందేమీ లేదు. స్కిజోఫ్రీనియా అధ్యయనాల్లో ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అని కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం. కాబట్టి ఏదైనా పేపర్ చదివితే ముందు చూడాల్సింది దేనితో పోల్చారన్నది.

స్కాన్ వద్దని తండ్రికి చెప్పాం. తలనొప్పి, ఫిట్స్, నరాల లక్షణాలు ఉంటే మామూలు ఎంఆర్ఐ తీయిస్తామనీ చెప్పాం. ఆ పరిశోధన మాత్రం ఈ కేసులో వృథా పోలేదు, అది ఎక్కడ చూడాలో చెప్పింది.

ముఖాల పరీక్ష

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం తయారుచేసిన ఈఆర్-40లో నలభై ముఖాలుంటాయి: సంతోషం, విచారం, కోపం, భయం, ఏ భావమూ లేనివి, ఒక్కోటి ఎనిమిది. ఇతనికి వచ్చినవి సంతోషం 8, విచారం 6, కోపం 7, భయం 6, భావం లేనివి 3. మొత్తం 30. మొత్తం చూసి వదిలేస్తే "కాస్త తక్కువ" తప్ప ఏమీ తెలియదు. తప్పులు ఎటు వెళ్లాయో చూడాలి. తప్పిన ఐదు మామూలు ముఖాల్లో నాలుగింటికి "కోపం" నొక్కాడు, ఒకదానికి "భయం". విచారం ఒక్కటి కూడా లేదు. డిప్రెషన్ పిల్లలు మామూలు ముఖాన్ని విచారంగా చదవడం ఎక్కువ. ఇతని తప్పులన్నీ ముప్పు వైపే.

ఈ పరీక్షకు ముందు కళ్లద్దాలు ఉన్నాయో లేదో చూడాలి. నిద్రలేని రాత్రి తర్వాత పెట్టకూడదు. మనకు అలవాటు లేని జాతి ముఖాలను చదవడంలో ఎవరైనా తప్పులు చేస్తారు, కాబట్టి అంకెలను వేరే సమాజపు ప్రమాణాలతో పోల్చి తీర్పు ఇవ్వకూడదు. దీన్ని నిర్ధారణకు వాడలేదు, థెరపీకి ముడిసరుకుగా వాడాం.

కుటుంబానికి చెప్పింది

2012 నాటి మెటా విశ్లేషణలో ఈ దశలోని వారిలో ఏడాదికి 22 శాతం, మూడేళ్లకు 36 శాతం మంది సైకోసిస్‌లోకి వెళ్లారు. తర్వాత వచ్చిన లెక్కలు తక్కువే, మూడేళ్లకు దాదాపు నాలుగో వంతు. "ఇలాంటి నలుగురిలో ముగ్గురు దాటరు. దాటినా మొదటి వారంలోనే పట్టుకుంటే నష్టం తక్కువ. అందుకే చూస్తూ ఉంటాం" అన్నాం. "స్కిజోఫ్రీనియా మొదలైంది" అనే మాట వాడలేదు. అది అబద్ధం కావడమే కాదు, ఇంట్లో ప్రతి కదలికనూ జబ్బుగా చూసే వాతావరణం తెస్తుంది.

యాంటీసైకోటిక్ (సైకోసిస్‌కు వాడే మందు) ఇవ్వలేదు. సైకోసిస్ నిర్ధారణ కానప్పుడు, రిస్క్ తగ్గించడానికని ఈ మందులు ఇవ్వొద్దని బ్రిటన్ నైస్ సంస్థ 2013 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. బరువు, చక్కెర, వణుకు, మందకొడితనం వంటి దుష్ప్రభావాలు పిల్లల్లో ఎక్కువ. ఏ గీత దాటితే ఇస్తామో మాత్రం ముందే రాసుకున్నాం: నమ్మకం పగలూ రాత్రీ గట్టిపడటం; లక్షణాలు రోజుకు గంటకు పైగా, వారానికి నాలుగు రోజులుండటం; ఆ నమ్మకం మీద ప్రమాదకరమైన పని చేయడం.

చికిత్స

మొదటి మూడు వారాలు నిద్ర మీదే పనిచేశాం. నిద్ర తగ్గితే ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా అమిగ్డలా ఎగసిపడుతుంది, అనుమానం పెరుగుతుంది. ఇతని 60 శాతం నమ్మకం రాత్రి రెండింటిదే. పడుకునే సమయం జోలికి పోకుండా లేచే సమయం బిగించాం: సెలవైనా సరే ఆరున్నర. లేవగానే అరగంట వెలుతురులో ఉండాలి. మధ్యాహ్నం తర్వాత కాఫీ, ఎనర్జీ డ్రింకులు బంద్. ఫోన్ చార్జర్ హాల్లోకి మారింది. దీని మీద వారంపాటు గొడవ నడిచింది, తండ్రి ఫోన్ కూడా అక్కడే పెట్టాక సద్దుమణిగింది. మూడో వారానికి నిద్ర నాలుగున్నర గంటల నుంచి ఏడుకు చేరింది.

నాలుగో వారం నుంచి సీబీటీ, అంటే ఆలోచనలనూ ప్రవర్తననూ పరీక్షించి మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స. నెదర్లాండ్స్‌లో నడిచి 2012లో ప్రచురితమైన ట్రయల్‌లో, ఈ దశకు తగినట్టు మలిచిన సీబీటీ పొందినవారిలో సైకోసిస్‌లోకి వెళ్లినవాళ్లు పద్దెనిమిది నెలలకు దాదాపు సగానికి తగ్గారు. అందులో ఒక ముఖ్య భాగం డోపమిన్ గురించి, మెదడు చేసే తొందరపాటు గురించి వివరంగా చెప్పడం. ఇతనికి ఈఆర్-40లో తను "కోపం" నొక్కిన నాలుగు ముఖాలనే మళ్లీ చూపించాం. "ఇందులో కోపం ఎక్కడుంది, వేలు పెట్టి చూపించు" అంటే కనుబొమల దగ్గర వేలు పెట్టి ఆగిపోయాడు. "లేదు సర్... కానీ ఉన్నట్టుంది." అనిపించడం వేరు, కనిపించడం వేరన్న సంగతి అప్పటిదాకా మేం ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు.

తర్వాత రోజూ అనుమానం వచ్చినప్పుడల్లా డైరీ రాయమన్నాం. రెండు వారాల్లో అనుమానాలు పెరిగాయి. డైరీ కోసం అందరి ముఖాలూ పరీక్షించడం మొదలుపెట్టాడు. ఈ చికిత్సలో చాలా తరచుగా ఎదురయ్యే అడ్డంకి ఇది: నిఘా ఎక్కువైన మనసుకు ఇంకో నిఘా పని అప్పజెప్పినట్టవుతుంది. డైరీ ఆపి వారానికి రెండుసార్లు, అదీ జరిగిపోయినదాన్ని సాయంత్రం గుర్తుచేసుకుని రాయడంగా మార్చాం. ఒక్క సంఘటన, మూడు వివరణలు, ఒక్కోదానికి నూటికెంత, మర్నాడు తేలిందేమిటి. ఇది పనిచేసింది.

ప్రయోగాలు చిన్నవే పెట్టాం. వెనక బెంచీవాళ్లలో ఒకణ్ని హోంవర్క్ అడగాలి. ముందు ఏం జరుగుతుందో అంచనా రాయాలి. "వెటకారం చేస్తాడు, 80" అని రాశాడు. ఆ అబ్బాయి నోట్సు ఫోటో పంపాడు. ఇలాంటివి ఐదారు పోగుపడ్డాకే అంచనా అంకెలు దిగుతాయి, ఒక్కదానితో ఏమీ మారదు. వెనకెవరూ లేని సీటు ఇప్పించమని స్కూలును మొదటి నెల వరకే కోరాం. అదే సౌకర్యం కొనసాగితే తప్పించుకోవడం అలవాటుగా స్థిరపడుతుంది కాబట్టి తర్వాత మధ్య వరసకు మార్పించాం.

ఇంట్లో చేసిన మార్పుల్లో ఫలితం ఎక్కువ ఇచ్చింది చాలా చిన్నది. ముఖం చూసి మనసు చదవాల్సిన అవసరం తగ్గించడం. "నాకు కోపం లేదు, అలసిపోయాను" అని తల్లి పైకే చెప్పడం మొదలుపెట్టింది. తండ్రి మౌనంగా కూర్చుంటే "ఆఫీసు పని ఆలోచిస్తున్నా" అనేవాడు. మొదట్లో కృత్రిమంగా ఉందన్నారు, రెండు వారాల్లో అలవాటైంది. "ఇంకా వినిపిస్తోందా?" అని రోజూ అడగడం ఆపించాం. ఆ ప్రశ్న ఆదివారం ఒక్కసారే, తండ్రే అడగాలి.

దిగులు స్కోరు పీహెచ్‌క్యూ-ఏలో మొదట 14. నిద్ర కుదిరాక 11కు వచ్చి అక్కడే ఆగింది. తొమ్మిదో వారంలో సైకియాట్రిస్ట్ డిప్రెషన్ మందు ఫ్లూఆక్సెటిన్ 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి రెండు వారాల తర్వాత 20కి పెంచారు. మొదటి నెల వారం వారం చూశాం. ఆత్మహత్య ఆలోచనలు, అసహనం, అకస్మాత్తుగా నిద్ర అక్కర్లేని ఉత్సాహం ఏమైనా వస్తున్నాయేమో ప్రతిసారీ అడిగాం. ఆ ఉత్సాహం వస్తే బైపోలార్ అనుమానించి మందు ఆపాల్సి ఉంటుంది.

పద్నాలుగో వారం

పరీక్షల ముందు నాలుగు రాత్రులు మేలుకున్నాడు. అనుమానం 5కి ఎక్కింది, పేరు పిలుపు రోజూ వినిపించింది, పగటి నమ్మకం 20 నుంచి 50కి వచ్చింది. తల్లి ఫోన్ చేసిన రోజే చూశాం. గీత దాటలేదు: గంటల తరబడి లేదు, నమ్మకం ఇంకా ఊగుతోంది, ప్రమాదకరమైన పనేదీ లేదు. విజిట్లు వారానికి రెండు చేశాం, రెండు పరీక్షలు వాయిదా వేయమని స్కూలుకు లేఖ ఇచ్చాం, నిద్రను మొదటికి తెచ్చాం. పది రోజుల్లో 4కి దిగింది. దిగకపోతే తక్కువ మోతాదు యాంటీసైకోటిక్ గురించి మాట్లాడేందుకు తేదీ కూడా పెట్టుకున్నాం, అవసరం పడలేదు.

పద్దెనిమిది నెలలకు

అనుమానం 2, ఇంద్రియ అనుభవాలు 2, అసాధారణ ఆలోచనలు 1. సోఫాస్ 66, 70కి ఇంకా రాలేదు. చదువు గాడిన పడింది, స్నేహాలు పడలేదు. ఒక్క స్నేహితుడున్నాడు. లక్షణాలు తగ్గినవాళ్లలో కూడా పనితీరు వెనకబడే ఉండటం ఈ దశలో మామూలే, అందుకే సోషల్ స్కిల్స్ గ్రూపులో చేర్చాం. ఈఆర్-40లో మామూలు ముఖాలు 6 సరిగ్గా చెప్పాడు, అయితే రెండోసారి చేసే పరీక్షలో అలవాటు వల్ల కొంత పెరుగుతుంది కాబట్టి దీనికి పెద్ద విలువ ఇవ్వలేదు. ఫ్లూఆక్సెటిన్ ఏడాది తర్వాత నాలుగు వారాల్లో తగ్గించి ఆపారు.

సైకోసిస్‌లోకి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది మొదటి రెండేళ్లలోనే వెళ్తారు. అందుకని రెండేళ్లు నిండేదాకా నెలకోసారి, మూడో ఏడు మూడు నెలలకోసారి విజిట్లు. అబ్బాయి పర్సులో ఒక కార్డు ఉంది, అతని మాటల్లోనే రాసింది: నిద్ర వరుసగా మూడు రాత్రులు ఐదు గంటలకన్నా తగ్గడం, పగలు పేరు వినిపించడం, అమ్మ ముఖం కోపంగా అనిపించడం. మూడింటిలో రెండు వస్తే ఎవరికి ఫోన్ చేయాలో వెనకవైపు రాసి ఉంది. కార్డు నకలు తల్లి దగ్గర ఒకటి, స్కూల్ కౌన్సెలర్ దగ్గర ఒకటి ఉన్నాయి. స్కూలుకు ఇవ్వడానికి అబ్బాయి ఒప్పుకోవడానికి ఐదు నెలలు పట్టింది.